వీథిఫలకముల భాష: పాలకొల్లు బోర్డులను గూర్చి ఒక పరిశీలనము

శిలాశాసనము నొకదానిని చదువుటకు మనము ఎంతటి శ్రమకైనను ఓర్తుము. రాతిపై తడికాగితము నద్ది అచ్చు తీయుదుము. అరిగిపోయిన అక్షరము కొరకు దీపమును అటునిటు మార్చి చూతుము. ఒక ఱకారమును గూర్చి నాలుగు పుటల చర్చ వ్రాయుదుము. అట్టి మనమే ఆ శాసనమున్న ఊరికి పోవు బస్సు నుదుటనున్న అక్షరములను, చదివితిమన్న స్పృహయైనను లేక చదివి, ఎక్కి కూర్చుందుము. నిత్యజీవితములో ఎక్కువమంది ఎక్కువమారులు చదువు తెలుగు ఏది యని ప్రశ్నించుకొన్నచో, అది కావ్యము కాదు, నవల కాదు, పత్రికయు కాదేమో, అది బోర్డు. చదువవలెనను కోరిక లేనివానిచేత గూడ తన్ను చదివించుకొనగల రచన అది యొక్కటే. దానిని రచనగా భావించి పరిశీలించిన వారు మనలో అరుదు.

ఈ పరిశీలనమునకు పాలకొల్లు పట్టణమును ఆధారముగా గైకొంటిమి. అది మహానగరము కాదు, పల్లెయు కాదు. పంచారామములలో ఒకటియైన క్షీరారామము అచ్చట కలదు. 17వ శతాబ్దిలో డచ్చివారు అచ్చట వర్తకస్థానము నెలకొల్పుకొనిరి. కొబ్బరి వ్యాపారమునకు అది పేరు పొందినది. అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణ ఆ ఊరివారే యగుటచేత చలనచిత్ర ప్రకటనల అక్షరములకును ఆ వీథులకును చుట్టరికము కలదు. ఊరి పేరే ఒక గుర్తు వంటిది. పాల కొరకు ఏడ్చిన బాలభక్తుడు ఉపమన్యునికై శివుడు పాలకొలనును సృష్టించెనని స్థలపురాణము. ఆ కొలనే కొల్లుగా మారినదని లోకోక్తి. ఇంగ్లీషువారి కాగితములలో ఇది పాలకోల్‌గా అజంతమును కోల్పోయినది. ఆ కోల్పాటునకు మరల వత్తుము.

బస్సు స్టాండు మొదలుకొని గాంధీబొమ్మల సెంటరు మీదుగా గుడివీథికిని, అచ్చటినుండి కాలువగట్టునకును, రైలు స్టేషనునకును నడచుచు కంటబడిన బోర్డులను చదివితిమి. దుకాణముల పేర్లు ఇచ్చుట మా యుద్దేశము కాదు. వారి వ్యాపారముతో మాకు పని లేదు. వాక్యముతోను, అక్షరముతోను మాత్రమే పని.

మొట్టమొదట ఆశ్చర్యము గొలుపునది ‘ఇచ్చట’ అను మాట. గోదావరి మండలములో పుట్టి పెరిగిన వాడెవ్వడును నోటితో ‘ఇచ్చట’ అనడు. ‘ఇక్కడ’ అనును, తొందరలో ‘ఇక్కడే’ అని చేయి చూపును. కాని చేతికి కుంచె వచ్చినంతనే ‘ఇచ్చట సైకిళ్ళు అద్దెకు ఇవ్వబడును’ అని వ్రాయును. ‘ఇచ్చట చెత్త వేయరాదు’, ‘ఇచ్చట వాహనములు నిలుపరాదు’, ‘ఈ గోడపై ప్రకటనలు అంటించరాదు’, ‘గది అద్దెకు ఇవ్వబడును’: వీనిలో ఒక్క వాక్యమైనను ఎవరి నోటను వినబడునది కాదు. (ఈ వ్యాసమును వ్రాయుచున్న భాషయు ఆ బోర్డుల భాషకు దగ్గరి చుట్టమే యని పాఠకులు గ్రహించియే యుందురు. కావున మేము దూరమునుండి నవ్వుచున్నవారము కాము.)

ఇది వింత యగుటకు కారణము ఆ ప్రాంతపు చరిత్రయే. గ్రాంథిక వ్యావహారిక వాదము ఎక్కువ వేడిగా సాగిన తావులలో గోదావరి తీరము ఒకటి. 1919లో రాజమహేంద్రవరమున వర్తమాన వ్యావహారికాంధ్రభాషా ప్రవర్తక సమాజము ఏర్పడినప్పుడు, అంతకుముందు గ్రాంథికమున అన్ని గ్రంథములు వ్రాసిన కందుకూరి వీరేశలింగం పంతులుగారే దానికి అధ్యక్షులైరి. గిడుగు రామమూర్తి పంతులుగారు 1940లో గతించునాటికి వాదము ఒక కొలిక్కి రాకున్నను, తరువాతి తరములలో ఆయన పక్షమే గెలిచినది. పత్రికలు మారినవి. పాఠ్యపుస్తకములు మారినవి. రేడియో మారినది. సిద్ధాంత గ్రంథములు గూడ మారినవి. బోర్డు మారలేదు. చదువు అంతగా లేని సైకిలు షాపువాడు, పండితులు వదలిపెట్టిన భాషను ఏల పట్టుకొని యున్నాడు?

అలవాటు అని ఒక్క మాటలో తేల్చివేయవచ్చును. కాని అలవాటు కారణము కాదు. కారణము నశించిన పిదప మిగులునది అలవాటు. మాకు తోచిన కారణము వేరు. తెలుగులో నోటిమాటగా ఒక నిషేధమును పలుకవలెనన్నచో ఎదుటివాడెవడో ముందు తేల్చుకొనవలెను. ‘పెట్టకు’ అన్నచో చిన్నవాడు. ‘పెట్టకండి’ అన్నచో పెద్దవాడు. ‘పెట్టకురా’, ‘పెట్టకమ్మా’, ‘పెట్టొద్దు బాబూ’ అనునవి వేరు వేరు బంధుత్వములు. గోదావరి వారి మాటలో ‘అండి’ లేని వాక్యము ముక్కు లేని ముఖము వంటిది. ‘ఆయ్’ అని బదులు పలుకకున్న తగవు వచ్చును. ఇట్టి భాషలో గోడ ఎవరితో మాటలాడవలెను? దాని యెదుట బడికి పోవు పిల్లవాడు నిలుచును, కొబ్బరి దళారి నిలుచును, గుడికి పోవు ముత్తైదువ నిలుచును. ‘పెట్టకు’ అన్న పెద్దలకు కోపము, ‘పెట్టకండి’ అన్న ఆకతాయికి లోకువ. ఏ మెట్టున నిలువవలెనో తెలియని గోడ మెట్లే లేని వాక్యమును వెదకికొన్నది. అదియే ‘రాదు’.

‘రాదు’ అను క్రియకు ఇచ్చట కర్త లేడు, సంబోధ్యుడు లేడు. ‘నిలుప రాదు’ అనగా నిలుపుట అనునది రాదు, పొసగదు అని మాత్రమే అర్థము. చెప్పువాడును లేడు, వినువాడును లేడు. లోకస్వభావము నొకదానిని తెలుపుచున్నట్లుండును. (‘నాకు ఈత రాదు’ అనునప్పటి రాదు ఇదియే. ‘ఉమ్మి వేయరాదు’ అని చదివిన పసివాడు, వ్రాసినవానికి ఉమ్మివేయుట చేతకాదు గాబోలు ననుకొన్న తప్పు పట్టలేము.) ఇరుగుపొరుగు భాషలును ఇట్టి యుపాయమునే వెదకినవి. తమిళమున ‘కూడాదు’, కన్నడమున ‘బారదు’ మన రాదునకు తోబుట్టువులు. హిందీవారు ‘మనా హై’ అందురు. ఇంగ్లీషువారు క్రియనే తొలగించి ‘నో పార్కింగ్’ అని నామపదముతో సరిపుచ్చుకొందురు. పారిస్ నగరపు గోడలపై కాగితములు అంటింపరాదను హెచ్చరిక క్రింద 1881 జూలై 29 నాటి శాసనము ననుసరించి అని తేదీతో సహా వ్రాసియుండుట ప్రసిద్ధము. అచ్చటి గోడ తన అధికారము ఎచ్చటినుండి వచ్చినదో చెప్పుకొనును. మన గోడ చెప్పదు. రాదు గనుక రాదు.

‘అమ్మబడును’ అనుదానియందు ఇదే గుణము మరియొక రూపమున కానవచ్చును. తెలుగు వ్యవహారమునకు ‘బడు’ ప్రయోగము సరిపడదు. ‘వాడు కొట్టబడ్డాడు’ అని ఎవ్వరును అనరు, ‘దెబ్బలు తిన్నాడు’ అందురు. అయినను ‘ఇచ్చట కొబ్బరికాయలు అమ్మబడును’ అను బోర్డు క్రిందనే, కాయల రాశి నడుమ కూర్చుండి, అమ్మువాడు స్వయముగా అమ్ముచున్నాడు. వాక్యమునుండి తన్ను తాను తొలగించుకొన్న ఆ వర్తకుని చూచినప్పుడు మాకు నవ్వు వచ్చినది. పిదప గౌరవము గలిగినది. ‘నేను అమ్ముతాను’ అనుట బేరమునకు పిలుచుట. ‘అమ్మబడును’ అనుట ఇచ్చట ఇట్టి ధర్మము జరుగుచుండునని తెలుపుట. మన వ్యాకర్తలు తద్ధర్మార్థకమని పేరిడిన ‘-ును’ రూపమునకు నేటి వ్యవహారములో చోటు దాదాపు పోయినది. భవిష్యత్తును, అలవాటును ‘-తా’ రూపమే మోయుచున్నది. కాలముతో పనిలేని ఆ పాత క్రియకు ఎండకు వానకు నిలిచియుండు రేకు బోర్డుకంటె తగిన చోటు వేరొకటి దొరకదు.

అయినచో నోటి భాష ఫలకమునకు పనికిరాదా? రెండు భాషలు ఒకే బోర్డుపై పెనగులాడిన ఒక ఉదాహరణము మన కందరకు కంఠస్థము. రోడ్డు రవాణా సంస్థ 1958లో ఏర్పడినది. దాని బస్సులలో స్త్రీల సీట్లపైన వ్రాసి యుండు మాట ‘స్త్రీలను గౌరవించుట మన సంప్రదాయం. వారికి కేటాయించిన సీట్లలో వారినే కూర్చోనిద్దాం’ అనునది. చివరి క్రియ బస్సును బట్టి, వ్రాసినవాని చేతిని బట్టి కొంచెము మారుచుండును. మొదటి వాక్యము ‘గౌరవించుట’ అని గ్రాంథికపు నడకతో, క్రియ లేని నామవాక్యముగా, నీతిశాస్త్రము వలె ప్రారంభమగును. ‘సంప్రదాయము’ అని ముగించిన పూర్తిగా శాసనమే యగును. కాని ‘సంప్రదాయం’ అని సున్నకు దిగినది. రెండవ వాక్యము ‘కూర్చోనిద్దాం’ అని పూర్తిగా మాటలోనికి వచ్చి భుజముపై చేయి వేసినది. మొదటి వాక్యము చెప్పినవాడు గురువు, రెండవది చెప్పినవాడు ప్రక్కసీటువాడు. వారిరువురి నడుమ అతుకు స్పష్టముగా కనబడుచున్నను బోర్డు చెడలేదు. పైగా దశాబ్దములుగా నిలిచినది.

దీనిలో మమ్ము ఎక్కువగా నిలిపినది ‘మన’ అను మాట. తెలుగునకు ‘మన’, ‘మా’ అను భేదము గొప్ప సంపద. ‘మన’ వినువానిని కలుపుకొనును. ఈ బోర్డును చదువువారిలో సగమైనను స్త్రీలు. వారు చదివినప్పుడు ఆ ‘మన’లో వారున్నారా? గౌరవించువారు ‘మనము’, గౌరవింపబడువారు ‘వారు’. తన సీటు పైన తన్ను గూర్చి వ్రాసిన వాక్యమును చదువుచున్న స్త్రీకి, ఆ వాక్యము తన తలమీదుగా వేరొకరితో మాటలాడుచున్నట్లు తోచును. మగవారు మగవారితో చెప్పుకొన్న మాట యది. వ్యావహారికమునకు మారినంతమాత్రమున బోర్డు అందరిదియు కాదనుటకు ఇంతకంటె మంచి సాక్ష్యము లేదు: నోటి భాష వచ్చిన వెంటనే వక్త వచ్చును, వక్త రాగానే వాని పక్షము వచ్చును. అదే సీటుపై కొన్ని బస్సులలో ‘స్త్రీలకు’ అని మాత్రమే యుండును. ‘కు’ విభక్తి ఒక్కటే. సంప్రదాయమును గూర్చిన ఉపన్యాసము లేని ఆ ఒక్క పదమే మాకు మేలైనదిగా తోచుచున్నది.

కర్త లేని వాక్యమును మేము ఇంతవరకు మెచ్చుకొంటిమి. ఆ మెప్పులో సగము వెనుకకు తీసికొనవలసి యున్నది. ‘ప్రవేశము లేదు’ అను రెండు మాటలను చూడుడు. ఎవరికి లేదో పైన వ్రాయుదురు; ఎవరు లేదనుచున్నారో ఎచ్చటను వ్రాయరు. అంటరానితనమును రాజ్యాంగము 17వ అధికరణముచే రద్దు చేసినది. దానిని పాటించుట నేరమని 1955లో ప్రత్యేక చట్టము వచ్చినది. అంతకుముందు హోటళ్ళలో, రైలు స్టేషన్ల భోజనశాలలలో కులమును బట్టి గదులు వేరుచేసిన బోర్డులును ఇదే వ్యాకరణమును వాడుకొన్నవి. కులము పేరు, ‘కు’ విభక్తి, ‘మాత్రమే’: అంతే. నిరాకరించువాడు తన నోటితో నిరాకరింపనక్కర లేదు, రేకు నిరాకరించును. 1957లో మద్రాసున పెరియార్ ఇ. వి. రామస్వామి అనుయాయులు హోటలు బోర్డులపై ‘బ్రాహ్మణాళ్’ అను మాటను తుడిచివేయుటకు ఆందోళన నడపిరి. ఒక్క మాట కొరకు అంత ఆందోళనమా యని కొందరు నవ్విరట. బోర్డుపై మాట ఒక్కటియే యుండును. కాని దినమునకు వేయిమారులు పలుకును. ‘రాదు’లోని మర్యాదయు, ‘లేదు’లోని కాఠిన్యమును ఒక్క చెట్టు కాయలే యని అంగీకరింపక తప్పదు.

ఇటీవల ఆ ‘రాదు’ గూడ మారుచున్నది. వెనుకటి ‘పొగత్రాగరాదు’ స్థానమున ‘ఇచ్చట పొగత్రాగుట నేరము’ అను పలక వచ్చినది. 2008 అక్టోబరు 2 నుండి అమలైన నిబంధనలు ఆ పలక కొలతలను గూడ నిర్ణయించినవి: కనీసము 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు. ‘రాదు’ అనునప్పుడు లోకమర్యాద సాక్షి. ‘నేరము’ అనునప్పుడు పోలీసు సాక్షి. ‘ఇచ్చట’ మాత్రము రెండింటను నిలిచినది.

శాసనముతో పోల్చి చూచిన బోర్డునకు గల మరియొక లోపము, లేక స్వేచ్ఛ, తెలియును. సుమారు 575 నాటి కలమళ్ళ శాసనము మొదలు దాక్షారామమున బారులు తీరిన దానశాసనముల వరకు, తెలుగు శాసనమునకు చెప్పినవాడు ముఖ్యుడు. మధ్యయుగపు దానశాసనములలో రాజు బిరుదములుండును, శకవర్షముండును, పొలిమేరలుండును, తుదకు ఈ ధర్మమును చెరచినవానికి గంగాతీరమున గోవును చంపిన పాపము తగులునను శాపముండును. బోర్డునకు వక్త లేడు, తేదీయు లేదు. తేదీ లేకుండుటను మన దుకాణదారులు ఎంత గడుసుగా వాడుకొనిరో ‘అప్పు రేపు’ అను రెండు మాటలలో చూడవచ్చును. ఉత్తరములో ‘రేపు’ అన్న, ఉత్తరము వ్రాసిన మరునాడు. గోడపై ‘రేపు’ అన్న, అది చదివిన ప్రతిదినమునకును మరునాడు. అనగా ఎన్నటికిని రాదు. ఒక తరము క్రిందట తెలుగుపల్లెలలో తలుపుల మీద వెలసిన ‘ఓ స్త్రీ రేపు రా’ అను వ్రాతలో ఈ వ్యాకరణమే భూతవైద్యమునకు ఉపయోగపడినది. రాత్రి తలుపు తట్టు దయ్యమునకు చదువు వచ్చుననియు, అది వాక్యార్థమునకు కట్టుబడుననియు నమ్మిన ఊరివారికంటె భాషపై విశ్వాసము గలవారెవరు?

ఇక అక్షరముల సంగతి. ఇంగ్లీషు పెద్దబడి అక్షరము రెండు గీతల నడుమ నిలుచును. తెలుగు అక్షరమునకు మూడంతస్తులు కావలెను: మీద తలకట్టు, గుడి, కొమ్మునకు చోటు, నడుమ దేహము, క్రింద వత్తు. ఒకే వెడల్పు గల రేకుపై రెండు భాషలకు సమానమైన ఎత్తు ఇచ్చినచో, ఇంగ్లీషు దానిని నిండుగా ఆక్రమించును; తెలుగు మూడవవంతునకు కుదించుకొనును. దుకాణముల చట్టము (1988) క్రింద 1990లో చేసిన నియమములు బోర్డుపై తెలుగు పైననుండవలె ననియు ఇతర భాషలు దాని క్రింద నుండవలె ననియు చెప్పినవి. పైనుండుటను చెప్పినవి గాని కనబడుటను సాధింపలేదు. పైన చీమబారు, క్రింద ఏనుగు. అదిగాక ‘ఫ్యాన్సీ అండ్ జనరల్ స్టోర్స్’ అని తెలుగు లిపిలో వ్రాసిన చట్టమునకు తృప్తి. అది తెలుగా యని అడుగువాడు లేడు.

కుంచె పట్టిన చిత్రకారుడు ఈ మూడంతస్తుల చిక్కును చేతితో విప్పుకొనెడివాడు. ‘పాలకొల్లు’ అను పేరునే చూడుడు: నాలుగక్షరములు, ఒక్కటే వత్తు. ఆ లకారపు వత్తును బస్సు పలకపై క్రిందికి దించుటకు చోటు లేక, ప్రక్కకు సాగదీసి, తోకవలె వంచి, దాని క్రింద ఒక గీత తీసి అందముగా ముగించుట ఒక పద్ధతి. వత్తు చట్రములో మునిగినచో ఊరు ‘పాలకొలు’ అగును. ‘శ్రీ క్షీరారామలింగేశ్వర’ వంటి పేరైన ధనుస్సు వలె వంచి వ్రాయుటయే దారి. నడుమనున్న అక్షరములు ఎత్తుగను, చివరనున్నవి చిన్నవిగను వచ్చును. తొందరలో వ్రాసిన బోర్డులలో కుడివైపు చేరునప్పటికి చోటు చాలక చివరి రెండక్షరములు ఒకదానిపై నొకటి ఎక్కి కూర్చుండును. అది దోషమే. కాని ఆ దోషమును చూచి ఒక మనిషి ఎడమనుండి కుడికి నడచెనని తెలిసికొనవచ్చును. నరసాపురము చెంతనే యున్న ఈ ప్రాంతమువాడైన బాపు (1933–2014) చేతివ్రాతను అనుకరింపని చిత్రకారుడు ఒకప్పుడు తెలుగునాట అరుదు. ఆ వ్రాత నేడు కంప్యూటరు అక్షరములుగా మారి పెండ్లిపత్రికలకును, మిఠాయి దుకాణములకును సమానముగా సేవ చేయుచున్నది. బాపు అక్షరమునకు ప్రాణము ఒకే అక్షరము రెండవమారు కొంచెము వేరుగా నుండుటలో నున్నది. యంత్రము దానిని ఎరుగదు.

ఈ శతాబ్ది మొదటి దశాబ్దములలో ఫ్లెక్సీ వచ్చి రేకును, కుంచెను వెనుకకు నెట్టినది. కంప్యూటరునకు అక్షరములు లేవని ఇప్పుడు చెప్పుటకు వీలులేదు. సూరన్న, ధూర్జటి, తిమ్మన పేర్లతో అక్షరరూపములున్నవి. గిడుగు, గురజాడల పేర్లతోను ఉన్నవి. (గిడుగు అక్షరములతో ‘ఇచ్చట అమ్మబడును’ అని ముద్రింపవచ్చును, ముద్రించువారికి తప్పు తోచదు.) చిక్కు అక్షరములలో లేదు, వానిని వాడుటలో నున్నది. చోటునకు సరిపెట్టుటకై అక్షరమును అడ్డముగా సాగదీయుదురు. తలకట్టు పలుచనై, దేహము లావై, ‘ఘ’యు ‘ఝ’యు ఒక్కటే యగును. ఒక యంత్రమున కూర్చినది మరియొక యంత్రమునకు పోవునప్పుడు సంయుక్తాక్షరము విరుగును. శుభాకాంక్షల ఫ్లెక్సీ నొకదానిపై క్షీరారామునికి మ్రొక్కిన మ్రొక్కులో ‘క్ష’ రెండుగా చీలి, కకారపు పొల్లు ఒకచోట, షకారము మరియొకచోట నిలిచి యుండుట చూచితిమి. పన్నెండడుగుల ఎత్తున దేవుని పేరు విరిగియుండగా దానిని వ్రేలాడదీసినవారికి గాని, క్రింద నడచువారికి గాని కనబడకపోవుట మాకు కొంత దిగులు గలిగించినది.

కాని వాక్యముగా చూచిన, ఫ్లెక్సీని తీసివేయరాదు. దానిలో కర్త తిరిగి వచ్చినాడు. నడుమ నాయకుని నిలువెత్తు బొమ్మ, పైన బిరుదములు, ప్రక్కల చిన్న చిన్న వలయములలో అనుచరుల ముఖములు, తుదకు ‘ఇట్లు’ అని చేవ్రాళ్ళ వరుస. ‘ఇట్లు’ అనునది ఉత్తరములకును అర్జీలకును చెందిన మాట. గోడమీదికి అది ఎక్కుట క్రొత్త. రేకు బోర్డు దాచిన వక్తను ఫ్లెక్సీ ఇరువది ముఖములతో చూపుచున్నది. బిరుదావళి, దాత పేరు, పరివారము: ఇది బోర్డునకు వారసుడు కాదు, దానశాసనమునకు వారసుడు. పాపశాపము ఒక్కటే లేదు. దానికి బదులు మరునాటి గాలివాన కలదు.

పైని చెప్పిన అజంతముల సంగతితో ముగింతుము. సెంటరు, షాపు, స్కూలు, బస్సు, హోటలు: అన్యభాషాపదము ఏది వచ్చినను తుదను ఒక ఉకారమును చేర్చి ఇంటిదానిని చేసికొనుట తెలుగు స్వభావము. గాంధీబొమ్మల సెంటరు అనుమాటలో ‘సెంటరు’ ఇప్పుడు నాలుగుదారుల కూడలికి గోదావరి వారు పెట్టుకొన్న పేరే గాని పరాయి మాట కాదు. క్రొత్త బోర్డులు ఆ ఉకారమును కోసివేసి ‘సెంటర్’, ‘షాప్’, ‘స్టోర్స్’ అని పొల్లుతో వ్రాయుచున్నవి. పలుకుబడికి ఇదియే దగ్గర యని కొందరందురు. మేము అంగీకరింపము. విభక్తి చేరగానే ఉకారము తిరిగి వచ్చును: షాపులో, స్కూలుకి, బస్సుకి. పొల్లు నిలిచియుండుటకు కారణము బోర్డుపై మాటకు విభక్తియే లేకుండుట. చిన్నయసూరి ప్రథమావిభక్తికి చెప్పిన డుమువులును అచ్చట రాలిపోవుచున్నవి. ‘విలాసము’ ‘విలాస్’ అయినది, ‘భవనము’ ‘భవన్’ అయినది. వాక్యములో చేరనక్కరలేని మాట కనుక బోర్డు మీది మాటకు ఏ కాలు విరిగినను నడక చెడదు. అది నిలుచుండియే యుండును గదా. కాని పిల్లవాడు బడిలో చదువుటకు ముందు చదువునది ఆ నిలుచున్న మాటనే.

గుడివీథిలో ఒక పాత కిరాణాకొట్టుపై నీలిరంగు రేకు బోర్డు కలదు. దానిపై తెల్లని అక్షరములతో ‘స్టోర్స్’ అని యున్నది. ఎండకు పై రంగు పెచ్చులు లేచినది. చివరి సకారముపై నున్న పొల్లు సగము ఊడి, దాని క్రింద పాత పసుపురంగు కొమ్ము ఒకటి బయటపడినది. మేము చూచునప్పటికి ‘స్టోర్స్’ అనియు ‘స్టోర్సు’ అనియు రెండును చదువుటకు వీలుగా నున్నది. రెండు ఛాయాచిత్రములు తీసికొంటిమి, ఉదయమున ఒకటి, ఎండ ఏటవాలుగా పడు సాయంకాలమున ఒకటి. రెండవదానిలో కొమ్ము స్పష్టముగా కనబడుచున్నది.